సుంకరి అడిగే నిజం

నా భార్య లీల చావుకు కారణం డాక్టర్ రామమోహనరావు. ఇది నా అనుమానం కాదు, జరిగిన సంగతి. ఆయన కూడా కాదనలేదు.

ఏడేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను షాపింగ్ మాల్‌లో గార్డు డ్యూటీలో ఉండగా లీలకు గుండెలో నొప్పి వచ్చింది. ఆవిడ నర్సు. ఆసుపత్రిలో ఇంకొకరికైతే క్షణం ఆగేది కాదు. తనకు మాత్రం అంబులెన్స్ పిలుచుకోలేదు. సైరన్ వేసుకుని బండి వస్తే వీధి వీధంతా బయటికొచ్చి చూస్తుందని సిగ్గు. అప్పట్లో మనవాళ్ళు ఏం వచ్చినా ముందు మన డాక్టరుగారి ఇంటికే ఫోన్ చేసేవాళ్ళు. రామమోహనరావు ఇల్లు రెండు వీధుల అవతల. లీల ఫోన్ చేసింది. ఆయన గంటన్నర తరువాత వచ్చాడు. అప్పటికి వైద్యుడు చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

"ఫోన్ వచ్చింది గోపాలం గారూ. గ్యాస్ నొప్పి అనుకున్నాను. గడ్డి కోయడం పూర్తిచేసి వద్దామనుకున్నాను" అని నా ఎదుట నిలబడి చెప్పాడు.

పెరట్లో గడ్డి కోసం నా భార్యను పోగొట్టాడు. ఆ తరువాత మేముండే పిస్కాటవేలో ఏ తెలుగువాళ్ళు భోజనానికి పిలిచినా, ఆయన వస్తాడంటే నేను వెళ్ళలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు పిలవడం మానేశారు.

అందుకే 1984 నవంబరులో ఒక ఆదివారం పొద్దున ఆయన భార్య జయంతి గొంతు వినగానే ఫోన్ పెట్టేయబోయాను.

"పెట్టేయకండి అన్నయ్యగారూ" అంది. "మా ఉదయ్‌ని రాత్రి పోలీసులు తీసుకెళ్ళారు. ఎవరో పెద్దాయన్ని మెట్లమీంచి తోశాడంటున్నారు. లాయర్ రేపటిదాకా ఊళ్ళో లేడట. మీరు తప్ప ఈ పని తెలిసినవాళ్ళు మనలో ఎవరున్నారు?"

"నాకు ఫోన్ చేస్తున్నట్టు మీ ఆయనకు తెలుసా?"

"పక్కనే ఉన్నారు. మాట్లాడే ధైర్యం లేదు."

నేను ఏలూరు దగ్గర పల్లెటూరి బడిలో చదివాను. పోలీసు శాఖలో సబ్‌ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. లీల వీసా మీద ఈ దేశం వచ్చి, చివరికి ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తెచ్చుకున్నాను. నా పని ఎక్కువగా ఇల్లు దాటి తిరిగే భర్తల వెంట తిరగడం. జయంతికి వస్తానని చెప్పాను. దయతో కాదు. రామమోహనరావు నా ముందు చేతులు కట్టుకుని నిలబడితే చూడాలనిపించింది.

*

దెబ్బతిన్న మనిషి పేరు వాల్టర్ క్రమ్. అరవైకి దగ్గర పడ్డవాడు, ఒంటరి. పాత కామిక్ పుస్తకాల దుకాణం నడుపుతాడు. దుకాణం కింద బేస్‌మెంట్‌లో ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక క్లబ్ కూడుతుంది. సభ్యులు నలుగురే: వాల్టర్, బొమ్మలు గీసే బెర్నీ లుట్జ్, స్కూల్ లైబ్రేరియన్ పెగ్గీ, మన ఉదయ్. వాళ్ళు మాట్లాడుకునేదంతా ఒకే ఒక్క విలన్ గురించి. వాడి పేరు టోల్‌మాన్. మన మాటలో సుంకరి, దారిసుంకం వసూలు చేసేవాడు. ఆ పుస్తకంలో హీరో కూడా ఒకడున్నాడట. హీరో సంగతి అక్కడ ఎవరికీ పట్టదు.

సార్జెంట్ డ్యూగన్ మెట్ల దగ్గర నిలబడి పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. మా ఇద్దరికీ పాత పరిచయం, పాత పేచీ.

"రా గోపాల్. భర్తలందరూ బుద్ధిమంతులైపోయారా?"

"ఆదివారం కదా. చర్చిలో ఉంటారు. ఏం జరిగింది?"

"చెప్పడానికి పెద్దగా లేదు. క్లబ్ అయ్యాక ముందు బెర్నీ వెళ్ళాడు. తరువాత పెగ్గీ. మిగిలింది నీ కుర్రాడు. అతనికీ వాల్టర్‌కీ గట్టి వాదన జరిగిందని పెగ్గీ చెప్పింది. ఐదున్నరకు పక్క బేకరీవాడికి దబ్బుమని చప్పుడు వినిపించింది. రొట్టెలు ఓవెన్‌లో ఉండి వెంటనే రాలేకపోయాడు. ఆరింటికి వచ్చి చూస్తే వాల్టర్ ఈ మెట్ల కింద ఉన్నాడు. ఆసుపత్రిలో ఇంకా తెలివి రాలేదు. ఐదున్నరకు ఎక్కడున్నావని కుర్రాణ్ణి అడిగితే నోరు విప్పడు."

"విప్పకపోతే నేరమా?"

"తరువాత విప్పాడు. అదే నేరం." డ్యూగన్ జేబులోంచి చిన్న టేప్‌రికార్డరు తీసి మీట నొక్కాడు. ఉదయ్ గొంతు వినిపించింది. ఏడుపు ఆపుకుంటూ ఇంగ్లీషులో చెబుతున్నాడు: ఒక మనిషి చనిపోవడానికి కారణం నేనే, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఈ మాట అన్నది ఎప్పుడు?"

"రాత్రి, స్టేషన్లో."

"వాల్టర్ బతికే ఉన్నాడని అప్పటికి అతనికి తెలుసా?"

"ఆసుపత్రిలో ఉన్నాడని నేనే చెప్పాను."

"మరి బతికున్నవాడి గురించి చనిపోయాడని ఎందుకంటాడు? ఎవరు చనిపోయారని అడగలేదా?"

"అడిగాను. ఏడ్చాడు. కంగారులో ఉన్నవాడికి వ్యాకరణం ఎక్కడుంటుంది? మధ్యాహ్నం జడ్జి ముందు పెడతాను. చూడాల్సింది చూసి వెళ్ళు."

కిందికి దిగాను. సిమెంటు నేల చెమ్మగా ఉంది. మడతబల్ల, నాలుగు కుర్చీలు, తాగి వదిలేసిన సోడా సీసాలు. వాల్టర్ పడ్డచోట సుద్దగీత. బల్ల మధ్యలో ప్లాస్టిక్ కవరులో ఒక పుస్తకం. సుంకరి మొట్టమొదట కనిపించిన సంచిక అదే. వాల్టర్ ప్రాణంలా చూసుకునేదట.

చేతిరుమాలుతో కవరు అంచు పట్టుకుని దీపం కిందికి తిప్పాను. పుస్తకం అట్ట ఒక మూల కొత్తగా నలిగి ఉంది. నలిగినచోట సిమెంటు మురికి గీరుకుంది. కవరు మీద మాత్రం మరక లేదు. మురికి లోపల ఉంది, పైన లేదు. కవరు నోరు చిన్న సెల్లోటేపు ముక్కతో మూసి ఉంది. టేపు కొస లోపలికి మడిచి, పట్టుకుని లాగడానికి వీలుగా వదిలారు.

పైకి వెళ్ళి దుకాణంలో పుస్తకాల పెట్టెలు వరసగా చూశాను. వందల కవర్లు. ఒక్కదానికీ టేపు లేదు. అన్నీ నోరు వెనక్కి మడిచి దోపినవే.

"సార్జెంట్, ఈ పుస్తకం వాల్టర్‌తోపాటు నేలమీద పడింది. పడ్డాక ఎవరో తీసి కవరులో పెట్టి టేపు వేశారు. మెట్ల కింద మనిషి మూలుగుతుండగా పుస్తకానికి చెమ్మ తగలకుండా చూసుకున్నారు. ఆ టేపు జిగురువైపు వేలిముద్ర ఉంటుంది. లేబరేటరీకి పంపించండి."

"నీ కుర్రాడిదే ఉంటుంది."

"అయితే మీకు ఇంకా మంచిది కదా. పంపండి."

"ఆదివారంపూట అంగుళం టేపు కోసం లేబరేటరీవాణ్ణి నిద్రలేపాలా? నా దగ్గర మనిషి ఉన్నాడు, వాడి నోటిమాట ఉంది. నీ దగ్గర ఏముంది? అట్ట మీద మురికి."

"పంపడానికి ఏమైనా అడ్డమా, బద్ధకమా?"

అతను నమలడం ఆపాడు. "నోరు జాగ్రత్త గోపాల్. నీ లైసెన్సు మీద సంతకం చేసేది మా ఆఫీసే."

*

పదకొండింటికి పెగ్గీ, బెర్నీ వాంగ్మూలాల మీద సంతకాలకు వచ్చారు. పెగ్గీకి యాభై ఉంటాయి. పొడవాటి మనిషి, సిగరెట్ పొగ వాసన. బెర్నీ నలభై దాటినవాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, భుజాన తోలుసంచితో ఉన్నాడు. డ్యూగన్ కాగితాలు సర్దుకుంటుంటే నేను ఒక్క ప్రశ్న వేశాను.

"ఈ టోల్‌మాన్ ఎవరు?"

ఇద్దరూ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. కాళ్ళ కింద బేస్‌మెంట్‌లో ఏం జరిగిందో కాసేపు మర్చిపోయారు.

"అసలు పేరు ఎజ్రా క్రేల్" అంది పెగ్గీ. "వంతెన దగ్గర గేటు కాపలాదారు. పొద్దుకూకాక గేటు ఎత్తకూడదని రూలు. ఒక వానలో అవతలి ఒడ్డు నుంచి గుర్రబ్బండి వచ్చింది. లోపల జబ్బుమనిషి ఉంది, గేటు తీయమని బండివాడు మొత్తుకున్నాడు. ఎజ్రా తీయలేదు. తెల్లవారి చూస్తే బండిలో చనిపోయి ఉన్నది అతని భార్య."

"అప్పటినుంచి అతనికి దారి అడ్డం కాయడమే పని" అన్నాడు బెర్నీ. "కత్తి పట్టడు, పరిగెత్తడు. అబద్ధం ఆడడు. ఆ దారిన వెళ్ళేవాణ్ణి ఆపి సుంకం అడుగుతాడు."

"ఏం సుంకం?"

"ఇంతవరకూ ఎవరికీ చెప్పని ఒక నిజం. చెప్పినవాడికి గేటు లేస్తుంది. అబద్ధం చెబితే వంతెన కూలుతుంది."

సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టని మా ఊళ్ళో సామెత. వినని చెవికి చెప్పినట్టని అర్థం. వీళ్ళ సుంకరి అవే అడుగుతున్నాడు.

"నిన్న గొడవ దేనికి?"

"ఒక్క బొమ్మ గురించి" అంది పెగ్గీ. "ఎజ్రా లాంతరు పట్టుకుని బండి పక్కన నిలబడ్డ బొమ్మ. వాల్టర్ ఏమన్నాడంటే, లాంతరు కిందికి ఉంది, లోపల ఎవరున్నారో అతనికి కనిపించలేదు, పాపం తెలియక చేశాడని. ఉదయ్ ఒప్పుకోలేదు. కనిపించకపోతేనేం, వినిపించింది కదా, విన్నవాడికి సాకు ఉండదన్నాడు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవాడు. నిన్న బల్ల చరిచాడు. నేను వెళ్ళేటప్పుడు కూడా ఇద్దరూ ఆ పేజీ మీదే వంగి ఉన్నారు."

"అంటే పుస్తకం అప్పుడు కవరు బయటే ఉంది."

"బల్ల మీద, తెరిచి."

"ఇద్దరిదీ పొరపాటే" అన్నాడు బెర్నీ. "పాపమూ లేదు, సాకూ లేదు. ఇన్నేళ్ళలో ఒక్క బొమ్మలో కూడా అతను ఏడవలేదు. అతను సుంకం వసూలు చేస్తాడు, అంతే. నేను పదకొండేళ్ళుగా గీస్తున్నాను. నాకు తెలియదా?"

"బెర్నీ మా క్లబ్ పత్రికకు టోల్‌మాన్ చరిత్ర రాసి బొమ్మలు వేస్తున్నాడు" అని పెగ్గీ నాకు చెప్పింది. "నిన్నటిదాకా. నిన్న వాల్టర్ ఆ పని ఉదయ్‌కి ఇచ్చాడు. నీ టోల్‌మాన్‌లో మనిషి లేడు బెర్నీ, అన్నాడు. అందరిముందూ."

"నేనేమీ అనుకోలేదు" అన్నాడు బెర్నీ.

"అనుకోలేదా? కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా వెళ్ళిపోయావు. ఇంట్లో మీ అమ్మ పోయాక నీకు శనివారం తప్ప ఇంకేం ఉంది?"

"నీకేం ఉంది పెగ్గీ?"

ఆవిడ సిగరెట్ వెతుక్కుంది.

"మీ బొమ్మలు చూడొచ్చా?" అన్నాను.

బెర్నీ ముఖం వికసించింది. సంచిలోంచి క్లబ్ పత్రిక ఒకటి తీశాడు. కవరులో ఉంది. నోటికి టేపు. కొస మడిచి ఉంది. గోటితో ఆ మడత పట్టుకుని మెల్లగా లాగి, ఊడిన టేపును ఎడమచేతి వెనక అంటించుకుని, పత్రిక బయటికి తీశాడు. పిల్లకు స్నానం చేయించే తల్లి చేతుల్లా ఉన్నాయి ఆ చేతులు.

"టేపు కొస ఎందుకు మడుస్తారు?"

"మడవకపోతే గోరు చాలక గీకాలి. గీకితే టేపు జారి అట్టకు అంటుకుంటుంది. రంగు లాగేస్తుంది. అందరికీ చెబుతాను, ఎవరూ వినరు."

"ఓడ మునుగుతున్నా బెర్నీ టేపు మడిచే దిగుతాడు" అంది పెగ్గీ. "వాల్టర్ దుకాణంలో అసలు టేపే నిషేధం. వాళ్ళిద్దరికీ ఈ విషయంలో రోజూ తగువే."

"నిన్న మీరు ఎన్నింటికి వెళ్ళారు?"

"అందరికన్నా ముందు. నాలుగున్నరకు. నేరుగా ఇంటికి."

"మళ్ళీ రాలేదా?"

"రాలేదు."

"ఆ మొదటి సంచిక ముట్టుకున్నారా?"

"వాల్టర్ ఎవరినీ ముట్టుకోనివ్వడు. పేజీలు కూడా తనే తిప్పుతాడు."

దుకాణంలో ఫోన్ మోగింది. డ్యూగన్ ఎత్తి, విని, పెట్టేశాడు. "వాల్టర్ పోయాడు" అన్నాడు. "ఇప్పుడిది హత్య."

పెగ్గీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. బెర్నీ వెనకున్న పెట్టె మీద కూలబడ్డాడు. మరుక్షణం ఉలిక్కిపడి లేచి, మూత తీసి, లోపల పుస్తకాలు నలిగాయేమోనని తడిమి చూశాడు.

నేను డ్యూగన్ వైపు చూశాను. అతనూ చూశాడు. నన్ను భుజం పట్టుకుని గుమ్మం బయటికి తీసుకెళ్ళాడు.

"చూశాను. చెప్పక్కర్లేదు" అన్నాడు గొంతు తగ్గించి. "అయినా కోర్టులో ఏం చెప్పమంటావు? వాడు టేపు మడుస్తాడనా? ముద్ర వాడిదే దొరికిందనుకో. ముందెప్పుడో వేసిన టేపంటాడు. నా రికార్డరులో మాత్రం ఇంకొకడు నేనే కారణమన్నాడు. లాయర్లు ఆ ఒక్క మాట మీద నన్ను ఉతికేస్తారు. ఆ మాట దేని గురించో తేల్చు. ఐదున్నరకు కుర్రాడు ఎక్కడున్నాడో చూపించు. అప్పుడు టేపు పంపుతాను. జడ్జి రెండింటికి వస్తాడు."

*

స్టేషన్లో చిన్నగది. ఉదయ్‌కి పంతొమ్మిదేళ్ళు. కాలేజీ స్వెట్‌షర్టు, కళ్ళజోడు. ఏడేళ్ళలో నేను అతన్ని దగ్గరగా చూడటం ఇదే. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నమస్తే అంకుల్."

"కూర్చో. నువ్వు తోయలేదని నాకు తెలుసు. ఎవరు తోశారో కూడా తెలుసు. నీ నోటిమాట నీకే అడ్డం. నిన్న ఐదున్నరకు ఎక్కడున్నావు?"

కళ్ళజోడు తీసి స్వెట్‌షర్టు అంచుతో తుడుచుకున్నాడు.

"వాల్టర్ పోయాడు. ఇక హత్య అంటారు. నువ్వు జీవితమంతా లోపల ఉంటావు. మీ అమ్మ బయట ఉంటుంది. ఎవరి చావుకు నువ్వు కారణం?"

"అంకుల్, ప్లీజ్. మీరు కాకుండా వేరేవాళ్ళు అడిగితే చెప్తాను."

గదిలో హీటర్ టకటకలాడుతోంది. పోలీసు ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటుంది. జవాబు దగ్గరికి వచ్చినప్పుడు ప్రశ్న మార్చకూడదు.

"నేనే అడుగుతున్నాను."

"లీల ఆంటీ" అన్నాడు.

నేను కదల్లేదు.

"డాడ్ బ్యాక్‌యార్డ్‌లో లాన్ మో చేస్తున్నారు. అమ్మ గ్రోసరీకి వెళ్ళింది. ఫోన్ నేను పిక్ చేశాను. ఆంటీ వాయిస్ చాలా చిన్నగా ఉంది. 'నాన్నగారిని పిలువు బాబూ, నాకు నొప్పిగా ఉంది, త్వరగా రమ్మను' అని చెప్పారు. ఓకే ఆంటీ అన్నాను. నేను కామిక్ చదువుతున్నాను. ఈ పేజ్ అయ్యాక చెప్దాం అనుకున్నాను. తర్వాత... మర్చిపోయాను. ఐ జస్ట్ ఫర్‌గాట్."

"కథ పూర్తి చేశావా?"

"చేశాను. సెకండ్ టైమ్ కూడా చదివాను."

"తరువాత?"

"డాడ్ వాటర్ కోసం లోపలికి వచ్చారు. అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాను. డాడ్ షూస్ కూడా వేసుకోలేదు అంకుల్. పరిగెత్తారు. నైట్ నా రూమ్‌కి వచ్చి, నువ్వు ఫోన్ తీయలేదు, నేను తీశాను, దట్స్ ఇట్, ఎవరికీ చెప్పకు అన్నారు."

ఆ రోజు నేను ఇంటికి చేరేసరికి రామమోహనరావు మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాదాల నిండా కోసిన గడ్డి. ఏడేళ్ళుగా ఆ గడ్డి నా కళ్ళముందు ఉంది. చెప్పులు లేవన్నది ఆ గదిలో కూర్చుంటే తెలిసింది.

"నిన్న ఐదున్నరకు?" అన్నాను.

"మీ ఇంటిముందు. కార్‌లో. వాల్టర్‌తో ఆర్గ్యూ చేశాక ఇంక లోపల ఉంచుకోలేకపోయాను. మీకు చెప్దామని వచ్చాను. ఇంతకుముందు కూడా చాలాసార్లు వచ్చాను. డోర్ దాకా రాలేదు."

"రుజువు ఏమిటి?"

"మీరు బయటికి వచ్చి ట్రాష్ క్యాన్ పెట్టారు."

"చెత్తడబ్బా ప్రతి శనివారం పెడతాను. వీధిలో అందరికీ తెలుసు."

తల వంచుకున్నాడు. "మీరు ఆంటీ శాలువా కప్పుకున్నారు. మెరూన్‌ది, స్ట్రీట్ లైట్‌లో కనిపించింది. క్యాన్ పెట్టాక స్టెప్స్ మీద కూర్చుని... దాన్ని ఫేస్‌కి పెట్టుకున్నారు. చాలాసేపు. తర్వాత లోపలికి వెళ్ళిపోయారు."

అది నిజం. నవంబరులో ఐదింటికే చీకటి పడుతుంది. ఎవరూ చూడరనే ఆ వేళకు వెళతాను. లోపల రేడియోలో ఐదున్నర వార్తలు మొదలైతే లేచి తలుపు వేసుకుంటాను. ఈ సంగతి ఇంతవరకూ నాకు, ఆ శాలువాకు తప్ప తెలియదు. మా ఇంటికీ వాల్టర్ దుకాణానికీ కారులో ఇరవై నిమిషాల దూరం.

లేచాను.

"అంకుల్, ఏదైనా అనండి. తిట్టండి."

తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

వరండాలో రామమోహనరావు నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతులు కట్టుకునే ఉన్నాడు. దేని కోసం పొద్దున ఇల్లు కదిలానో అది ఎదురుగా ఉంది. చూస్తే నాకు ఏమీ అనిపించలేదు.

"చెప్పాడా?"

"చెప్పాడు."

"పన్నెండేళ్ళ పిల్లాడండీ అప్పుడు. ఊరంతా వాణ్ణి ఎలా చూస్తుందో, మీరు ఎలా చూస్తారో అని..."

"నా చేత ఏడేళ్ళు తప్పు మనిషిని ద్వేషింపజేశారు."

"ఇకముందు కూడా నన్నే ద్వేషించండి గోపాలం గారూ. నాకు అలవాటైంది."

"ఇప్పుడు ఇద్దరున్నారు" అన్నాను.

గోడ పక్కన మంచినీళ్ళ కూజా ఉంటే కాగితం కప్పులో పట్టుకుని తాగాను. మళ్ళీ పట్టుకుని తాగాను. ఒంటిగంట దాటింది. నేను కారెక్కి ఇంటికి వెళితే చాలు. ఉదయ్ తనంతట తాను డ్యూగన్‌కి చెప్పినా, శాలువా సంగతి అవునని నేను అంటేనే అది రుజువు. నేను కాదంటే కట్టుకథ. నన్ను ఎవరూ తప్పుపట్టలేరు. ఎవరికీ తెలియదు కూడా.

లీల చెప్పి పంపిన మాట ఒకటి దారిలో ఆగిపోయింది. నా దగ్గర ఇంకొకటి ఆగకూడదు. అంతకుమించి కారణం నాకు లేదు. ఇది క్షమించడం కాదు. ఆ తండ్రీకొడుకులు అలా అనుకుంటే అది వాళ్ళ ఇష్టం.

*

డ్యూగన్ రికార్డరు బల్ల మీద పెట్టి మీట నొక్కాడు.

నేను లీల పేరు, చనిపోయిన తేదీ చెప్పాను. ఫోన్ ఎవరు ఎత్తారో చెప్పాను. కుర్రాడు ఎవరి చావు గురించి మాట్లాడాడో చెప్పాను. నిన్న సాయంత్రం మా ఇంటిముందు కారు ఉందని చెప్పాను.

"కారు నువ్వు చూశావా?"

"చూడలేదు. అతను నన్ను చూశాడు. నేను ఏం కప్పుకున్నానో చెప్పాడు."

"ఏం కప్పుకున్నావు?"

"శాలువా. ఆడవాళ్ళది."

డ్యూగన్ పెదవి ఒక పక్కకు లేచింది. ఏదో అనబోయాడు. నా ముఖం చూసి ఆగాడు.

"ఎవరిది?"

"నా భార్యది. మెట్ల మీద కూర్చుని ముఖానికి పెట్టుకున్నాను. రేడియోలో ఐదున్నర వార్తలదాకా. ఏడేళ్ళుగా చేస్తున్నాను. ఎవరికీ తెలియదు. దారిన పోయేవాడు ఊహించి చెప్పే సంగతి కాదు."

నోట్లో గింజల పొట్టు చెత్తబుట్టలో ఉమ్మి, డ్యూగన్ మీట ఆపాడు. ఫోన్ అందుకుని లేబరేటరీ నంబరు తిప్పాడు. నాతో ఇంకేమీ అనలేదు. మా పరిచయంలో అతను చేసిన మర్యాద అదొక్కటే.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు.

"జిగురువైపు బొటనవేలు. జిగురులో సిమెంటు దుమ్ము కూడా ఉంది. ముందెప్పుడో వేసిన టేపనడానికి వీల్లేదు. బెర్నీదే."

"ఒప్పుకున్నాడా?"

"తలుపు తీశాడు. నన్ను, వెనక ఇద్దరు పోలీసుల్ని చూశాడు. పుస్తకానికి తేమ తగల్లేదు కదా అని అడిగాడు. మిగతాది కారులో చెప్పాడు. చరిత్ర తననే రాయనివ్వమని అడగడానికి తిరిగి వచ్చాడట. కుర్రాడు అప్పటికే వెళ్ళిపోయాడు. వాల్టర్ పుస్తకం పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. చేతిలోంచి లాక్కోబోతే పడ్డాడు. కింద వాల్టర్ బతికే ఉన్నాడట గోపాల్. ఇతన్ని పేరు పెట్టి పిలిచాడట. ఇతను పుస్తకం తుడిచి, కవరులో పెట్టి, టేపు మడిచి..."

"తెలుసు" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఉదయ్‌ని ఆ రాత్రే వదిలారు. బుధవారం సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. మా ఇంటికి ఎవరూ రారు. తలుపు తీస్తే ఉదయ్. కారు వీధిలో ఉంది, లోపల వాళ్ళమ్మ కూర్చుని ఉంది.

"అంకుల్, ఆ రోజు గురించి మీతో ఒకసారి..."

"డ్యూగన్ టేపులో చెప్పాను. చెప్పాల్సిన అవసరం అంతవరకే. నీతో మాట్లాడను, మీ నాన్నతో మాట్లాడను, మీ అమ్మ ఏడ్చినా మాట్లాడను. ఈ గుమ్మంలో ఆవిడ పేరు ఎత్తకు."

"అంకుల్, జస్ట్..."

తలుపు వేశాను. కారు వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

ఆ తరువాత జయంతి ఉత్తరం రాసింది, లాయర్ ఫోన్ చేశాడు, గుడిలో ఎవరో పెద్దమనిషి చెయ్యి పట్టుకుని వాళ్ళతో ఒక్కసారి మాట్లాడమని అడిగాడు. ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇక చెప్పను.